కత్తి పట్టిన వైద్యుడు, మరికొన్ని అభిప్రాయాలు

ఆ ఉదయం లైబ్రేరియన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. కూతురి చేత ఎలాగైనా తనతో ఒక్క మాట మాట్లాడించాలి. మాట కాకపోతే "ఊఁ" అన్నా చాలు, దాంతోనే సరిపెట్టుకుందామనుకున్నాడు.

ఆ ఇంట్లో ఉండేది ముగ్గురు. అందులో ఇద్దరికి మాటల్లేవు. మూడో మనిషి, అంటే లైబ్రేరియన్ భార్య, ఆ ఇద్దరి తరఫునా మాట్లాడి మాట్లాడి గొంతు అరగదీసుకుంటోంది. భోజనాల బల్ల దగ్గర తండ్రీ కూతుళ్లు ఎదురెదురుగానే కూర్చుంటారు. అయినా కూతురు, "అమ్మా, ఉప్పు ఇటు జరపమని నాన్నకి చెప్పు," అంటుంది. తల్లి, "ఏమండీ, ఉప్పు ఇటు జరపాలట," అంటుంది. ఆయన ఉప్పు జరిపి, "సరిపోయిందో లేదో అడుగు," అంటాడు. "సరిపోయిందా?" అని తల్లి. "సరిపోయిందని చెప్పు," అని కూతురు. ఈలోగా తల్లి పళ్లెంలో అన్నం చల్లారిపోతుంది.

గొడవకు కారణం రెండు అట్టపెట్టెలు. ఇంటికి రంగులు వేయించినప్పుడు కూతురి మంచం కింద బయటపడ్డాయి. వాటి నిండా బొమ్మల పుస్తకాలు. జపాన్ నుంచి అనువాదమై వచ్చే మాంగాలు. ఆ పిల్ల కాలేజీ వాళ్లతో ఊరెళ్లి ఉంది. లైబ్రేరియన్ ఒక్క పుస్తకం కూడా తెరిచి చూడలేదు, రెండు పెట్టెలూ పాత పేపర్లవాడికి ఎత్తించేశాడు. జీవితమంతా పుస్తకాలకు చెదలు పట్టకుండా, మూలలు నలగకుండా కాపలా కాసిన మనిషి చేసిన పని ఇది. పిల్ల తిరిగొచ్చి మంచం కిందకి వంగి చూసింది. "డిగ్రీ చదువుతున్నావు, ఇంకా బొమ్మల పుస్తకాలేంటమ్మా?" అన్నాడు ఆయన. ఆ అమ్మాయి లేచి నిలబడి, "నువ్వు లైబ్రేరియన్‌వి నాన్నా," అంది. అంతే, ఆ తర్వాత ఆయనతో మాట్లాడలేదు.

ఆ మాట ఆయన్ను ముల్లులా గుచ్చుతూనే ఉంది. తప్పు చేశానని తెలుసు. కానీ క్షమాపణ చెప్పడం ఆయన నోటికి అలవాటు లేని పని. లైబ్రరీలో ఎవరైనా పుస్తకం ఆలస్యంగా తెస్తే క్షమాపణ వాళ్లే చెబుతారు, ఈయన వినేవాడు. అందుకని ఆయన తనకు చేతనైన దారి పట్టాడు. పిల్ల పోగొట్టుకున్న సిరీసులు ఏమేమిటో భార్య ద్వారా ఆరా తీసి, అవే లైబ్రరీకి కొనిపించాలని నిర్ణయించాడు.

దానికి లైబ్రరీ కమిటీ ఛైర్మన్ ఒప్పుకోవాలి. ఛైర్మన్‌కు ఊళ్లో పెద్ద ఇనుప సామాన్ల దుకాణం ఉంది, లైబ్రరీ బీరువాలన్నీ అక్కడివే. లైబ్రరీ పైఅంతస్తు హాలును జిమ్ముకు అద్దెకివ్వాలని ఆయనకు ఎప్పట్నుంచో కోరిక.

"పుస్తకాలకి జనం ఎక్కడొస్తున్నారండీ? డంబెల్స్‌కైతే వస్తారు," అన్నాడు ఛైర్మన్.

"ఇవి యువత కోసమండీ. బొమ్మలుంటాయి," అన్నాడు లైబ్రేరియన్.

"బొమ్మలా? సరే, తెప్పించండి. జనం రాకపోతే మాత్రం హాలు జిమ్ముకే."

పుస్తకాలు వచ్చాయి. ఒక్కో సిరీసు మొత్తం కలిపి ఒక్కో లావుపాటి సంపుటం. లైబ్రేరియన్‌కు ఒక నియమం ఉంది. కొత్త పుస్తకం వస్తే ఖాకీ కాగితంతో అట్ట వేయాలి, మొదటి పేజీలో తేదీ చీటీ అతికించాలి. అతికించే పని ఇంకొకళ్ల చేతికివ్వడు, మూలలకు జిగురు సరిగ్గా రాయరని అనుమానం. ఏ పుస్తకాన్నైనా తెరిచినట్టే వీటినీ తెరిచాడు. ప్రతిదాంట్లోనూ మొదటి పేజీలో పెద్ద పెద్ద ఎర్ర అక్షరాలు, ఒక బాణం గుర్తు కనిపించాయి. కళ్లజోడు ఎక్కడో పెట్టి మరిచిపోయాడు. ప్రచురణకర్తల ప్రకటన ఏదో అయ్యుంటుందనుకుని, ఎర్ర అక్షరాలు కనపడకుండా పేజీ నిండా చీటీ అతికించి అరచేత్తో గట్టిగా రుద్దాడు. రంగుల ముఖచిత్రం వెనక అట్ట మీద ఉండటం వింతగానే తోచింది. విదేశీ పద్ధతి కాబోలనుకుని దాని మీదా ఖాకీ కాగితం వేసేశాడు.

పుస్తకాలు కొంటే చాలదు, తాను చదివానని పిల్లకు తెలియాలి. ఎలా తెలియజేయడం? మాటల్లేవు కదా. పిల్ల కాలేజీ నుంచి రోజూ నేరుగా లైబ్రరీకే వచ్చి చదువుకుంటుంది. అందుకని ఒక్కో సిరీసు చదివి, దాని మీద నాలుగు వాక్యాల అభిప్రాయం అట్టముక్క మీద రాసి, షెల్ఫుకు వేలాడదీద్దామనుకున్నాడు. చదివేవాళ్లకు అది లైబ్రరీ సేవలా కనిపిస్తుంది, కూతురికి మాత్రం అది నాన్న రాసిన ఉత్తరం అవుతుంది. ఆ ఊహకు ఆయన తనకు తానే ముచ్చటపడ్డాడు.

ముందుగా 'ఎర్ర కత్తి బాటసారి' పట్టాడు. చదవడం కొంచెం కష్టంగానే ఉంది. ఇందులో మనుషులు ఎదుటివాడు ప్రశ్న అడగకముందే జవాబు చెప్పేస్తున్నారు. ఎంత సూక్ష్మబుద్ధి అనుకున్నాడు. పేజీల అంకెలు పెరగాల్సింది పోయి తగ్గుతూ వస్తున్నాయి. కాసేపు ఆలోచిస్తే అదీ అర్థమైంది. ఇంకా ఎన్ని పేజీలు మిగిలాయో పాఠకుడికి ఎప్పటికప్పుడు తెలియడం కోసం. మన ప్రచురణకర్తలకు పాఠకుడి మీద ఇంత దయ ఎప్పుడొస్తుందో అని నిట్టూర్చి, రెండు రోజుల్లో పుస్తకం ముగించి కార్డు రాశాడు.

"ఎర్ర కత్తి బాటసారి: ఇది ఒక సంచార వైద్యుడి గాథ. దారి పొడవునా రక్తపు మడుగులో పడి ఉన్నవారి దేహాల్లోంచి ఈయన కత్తిని నేర్పుగా బయటికి లాగుతాడు. వెంటనే వారు లేచి నిలబడి, ఉత్సాహం పట్టలేక కేకలు వేస్తూ పరుగెడతారు. అంతమందిని బతికించిన పుణ్యాన, చివరికి, చనిపోయిన ఆయన తండ్రి కూడా లేచి కూర్చుంటాడు. వైద్యుడు ఎక్కడా ఫీజు అడగలేదు."

మర్నాడు సాయంత్రం కూతురు వచ్చింది. అద్దాల గదిలోంచి లైబ్రేరియన్‌కు ఆమె వీపు మాత్రమే కనిపిస్తోంది. షెల్ఫు ముందు ఆగింది. కార్డు చదివింది. మళ్లీ చదివింది. భుజాలు కదిలాయి. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. భుజాలు ఇంకా గట్టిగా కదిలాయి. చివరికి షెల్ఫు పట్టుకుని నిలదొక్కుకుని, చేతిరుమాలుతో కళ్లు తుడుచుకుంది.

"ఏడుస్తోంది నా తల్లి," అనుకున్నాడు లైబ్రేరియన్. ఆయన కళ్లు కూడా చెమర్చాయి. కుర్చీలో నిటారుగా కూర్చుని రెండో సంపుటం తెరిచాడు.

ఆ సాయంత్రం వంటగదిలో కూతురు తల్లి కొంగు పట్టుకుంది. "అమ్మా, నాన్నకి అర్జెంటుగా ఒక మాట చెప్పాలి."

తల్లి గరిటె కింద పెట్టింది. ఆ రోజు పొద్దుటి నుంచి టవల్ గురించి, తాళాల గురించి, ఫ్యాను గురించి ఆ ఇద్దరి మధ్య రాయబారాలు నడిపి ఆమె ఓపిక అయిపోయింది. "నేనీ ఇంట్లో పోస్టాఫీసు మూసేశాను. చెప్పేదేదో నువ్వే చెప్పుకో."

"అమ్మా, ఇది చాలా ముఖ్యం. కొంప మునుగుతుంది."

"అంత ముఖ్యమైతే నోరు తెరు. మీ నాన్న పక్క గదిలోనే ఉన్నాడు."

కూతురు గుమ్మం దాకా వెళ్లింది. తండ్రి కూనిరాగం తీస్తూ అట్టముక్కలు కత్తిరించుకుంటున్నాడు. ఒక్క క్షణం నోరు తెరిచింది. అట్టపెట్టెలు గుర్తొచ్చాయి. నోరు మూసేసుకుని వెనక్కి వచ్చేసింది.

ఆమె చెప్పాలనుకున్నది ఇది. మాంగాను కుడి నుంచి ఎడమకు చదవాలి. మనం పుస్తకం మూసే చోట వాళ్లు తెరుస్తారు. తెలియనివాళ్లు పొరపాటున అటు వైపు నుంచి తెరుస్తారనే, "ఆగండి! ఇది చివరి పేజీ. పుస్తకాన్ని తిప్పి పట్టుకోండి," అని ఎర్ర అక్షరాలతో అచ్చువేసి బాణం గుర్తు కూడా పెడతారు. ఆ హెచ్చరిక మీదే లైబ్రేరియన్ నాలుగు మూలలా జిగురు రాసి చీటీ అతికించాడు. అతికించి, వెనక నుంచి ముందుకు, ఫలితం నుంచి కారణానికి, చావు నుంచి పుట్టుకకు హాయిగా చదువుకుంటూ పోతున్నాడు.

కూతురి భుజాలు కదిలేకొద్దీ తండ్రి కలం కదిలింది. షెల్ఫు మీద కార్డులు వరసగా వేలాడాయి.

"ఆరో నంబరు చొక్కా: కప్పు గెలిచిన వాలీబాల్ జట్టు కథ. గెలుపు తలకెక్కితే ఏమవుతుందో రచయిత నిర్మొహమాటంగా చూపించాడు. మ్యాచ్ తర్వాత మ్యాచ్ పోగొట్టుకుంటారు, సర్వీసు చేయడం మరిచిపోతారు, చివరికి ఒకరి పేరు ఒకరికి తెలియని స్థితికి వస్తారు. ఆఖరి బొమ్మలో కథానాయకుడు బంతిని చూసి, ఇదేమిటని అడుగుతాడు. క్రీడాశాఖ వారు తప్పక చదవాలి."

"వాన గదిలో హత్య: హంతకుడెవరో మొదటి పేజీలోనే చెప్పేసే ధైర్యం ఈ రచయితకే ఉంది. అక్కడి నుంచి డిటెక్టివ్ ఒక్కొక్క ఆధారాన్నీ దొరికిన చోటే జాగ్రత్తగా తిరిగి పెట్టేస్తాడు, క్రమంగా అయోమయంలో పడతాడు. ముగింపులో హతుడు లేచి టీ తాగుతాడు. పోలీసు దర్యాప్తు మీద ఇంత వాస్తవికమైన రచన మరొకటి లేదు."

"ఇనుప దేవుడు: గృహనిర్మాణ పనులు చేసే ఒక మహాయంత్రం గురించి. శిథిలాల మీద కాలు మోపి తీయగానే కింద ఏడంతస్తుల భవనం తయారవుతుంది. ఊళ్లో మంటలన్నీ నోటితో పీల్చేస్తుంది. పని పూర్తి కాగానే, జనం ప్రశాంతంగా నడుస్తుండగా, సముద్రంలోకి వెళ్లిపోతుంది. ఎక్కడా టెండర్లు పిలిచినట్టు లేదు."

"మా బూడిద పిల్లి: పిల్లి పడుకుని ఉంటుంది. మధ్యలో ఒకసారి లేచి చూస్తుంది. మళ్లీ పడుకుంటుంది. రచయితకు తొందర లేదు. నాకూ లేదు."

జనం రావడం మొదలైంది. ముందు కాలేజీ కుర్రకారు వచ్చారు. వాళ్లు ఈ మాంగాలన్నీ చదివినవాళ్లే. కార్డులను ఫోన్లలో ఫొటోలు తీసి ఒకరికొకరు పంపుకున్నారు. లైబ్రేరియన్ గొప్ప వేళాకోళగాడని, కావాలనే అన్నీ తిప్పి రాస్తూ మొహంలో ఏమీ తెలియనివ్వడని వాళ్ల నమ్మకం.

"సార్, మీరు కేక సార్! ఇలాంటివి ఎలా తడతాయి సార్ మీకు?" అని అడిగింది ఓ అమ్మాయి.

"ఏముందమ్మా, ఉన్నది ఉన్నట్టు చదివితే చాలు," అన్నాడాయన నిండు మనసుతో.

గుంపంతా విరగబడి నవ్వింది. సంతోషం కొద్దీ నవ్వుతున్నారనుకున్నాడు.

తర్వాత పేపర్లు చదువుకోవడానికి వచ్చే పెద్దవాళ్లు ఇటు తొంగి చూశారు. వాళ్లు మాంగా మొహం ఎరగరు. కార్డులు శ్రద్ధగా చదివి, బొమ్మల పుస్తకాల్లో ఇంత తత్త్వం ఉందా అని ముక్కున వేలేసుకున్నారు. తెలిసినవాళ్లు నవ్వుకుని, తెలియనివాళ్లు తలలూపి వెళ్లారు. రెండు వర్గాలకూ ఆ కార్డులే సరిపోయాయి. తెలియనివాళ్లలో ఒక్కరు కూడా పుస్తకం తెరవలేదు. అభిప్రాయం చదివాక పుస్తకంతో పనేముంది?

కూతురికి మాత్రం ఇప్పుడు నవ్వు తగ్గి గుండె దడ మొదలైంది. నోరు విప్పకుండా సంగతి తెలియజేసే ఉపాయాలు వెతికింది. ఒకరోజు ఎవరూ చూడకుండా తేదీ చీటీని గోటితో పీకబోయింది. నాన్న జిగురు సంగతి అప్పుడు తెలిసింది, పేజీ చిరిగేలా ఉంది గానీ చీటీ కదల్లేదు. ఇంకోరోజు ఒక సంపుటాన్ని అసలు మొదటి పేజీ దగ్గర తెరిచి, తండ్రి బల్ల మీద ఆయన కంటికి ఎదురుగా పెట్టి వెళ్లింది. ఆయన దాన్ని చూసి బాధపడ్డాడు. చివరి పేజీ ముందే చూసేసుకునే పాఠకులు తయారయ్యారని గ్రహించి, షెల్ఫు మీద కొత్త బోర్డు పెట్టాడు. "దయచేసి ముగింపు ముందుగా చూడకండి." కుర్రకారు ఆ బోర్డు పక్కన నిలబడి మరీ ఫొటోలు దిగారు.

ఇంట్లో పరిస్థితి ఇంకో మెట్టు దిగింది. ఎదురింటావిడ ఫోన్లో చూపించిన ఒక కార్డు లైబ్రేరియన్ భార్య కంట పడింది.

"రైలుపెట్టెలో పరిచయం: ఇది ప్రేమకథ. పెళ్లితో మొదలవుతుంది. ఆ తర్వాత ఇద్దరూ నెమ్మదిగా చేతులు వదిలేస్తారు, మాటలు తగ్గిస్తారు, ఎదురుపడితే తడబడతారు. ఆఖరికి ఒకే రైలుపెట్టెలో, ఒకరికొకరు ఏమీ కానట్టు, చెరో కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంటారు. సంసారం గురించి ఇంత నిజం రాసిన పుస్తకం నేను చదవలేదు."

"ఏమండీ," అంది ఆవిడ ఆ సాయంత్రం, "మనం ఇప్పుడు ఎన్నో పేజీలో ఉన్నాం?"

"అది సాహిత్యం. మన గురించి కాదు."

"నిజం రాశారని సంతకం పెట్టింది మీరేగా? అయితే ఆ సాహిత్యాన్నే టీ పెట్టివ్వమనండి."

ఆ తర్వాత ఆవిడా మాటలు మానేసింది. తల్లీ కూతుళ్లు మాట్లాడుకునేవారు, ఉప్పు కూడా వాళ్ల వైపే ఉండేది. లైబ్రేరియన్ కొన్నాళ్లు చప్పటి కూరలు తిన్నాడు. అయినా దిగులుపడలేదు. పిల్ల భుజాలు కదులుతున్నాయి, ఇంకో రెండు కార్డులు రాస్తే మాట కూడా కదులుతుందని ఆయన ఆశ.

ఛైర్మన్ మాత్రం 'ఇనుప దేవుడు' కార్డు ముందు చాలాసేపు నిలబడి, "ఈ టెండర్ల మాట నా మీదేనా?" అని అడిగాడు.

"అయ్యో, పుస్తకంలో ఉన్నదేనండీ."

"ఉంటే ఉండనీండి, మనం రాయక్కర్లేదు." అలా అంటూనే చుట్టూ ఉన్న జనాన్ని చూసి గొంతు తగ్గించాడు. "సరే, ఉంచండి. జిమ్ము సంగతి తర్వాత చూద్దాం."

పరిస్థితి పూర్తిగా చెయ్యి దాటింది మాత్రం రిటైర్డ్ ప్రొఫెసర్ వల్ల. సాహిత్యం మీద ఆయన చెప్పిందే ఊళ్లో ఆఖరి మాట. జన్మలో మాంగా ముట్టుకోని ఆ పెద్దమనిషి, కార్డులన్నీ కళ్లజోడు సర్దుకుంటూ చదివి, స్థానిక పత్రికలో అరపేజీ వ్యాసం రాశాడు. "ఫలం నుంచి బీజానికి" అని దాని పేరు. ఆ దేశపు రచయితలు మరణాన్ని నిరాకరించారని, ఆయుధాన్ని ఔషధంగా మార్చారని, మన రచయితలు ఇంకా చంపుకుంటూనే కూర్చున్నారని అందులో దులిపేశాడు. మన రచయితలు సిగ్గుపడ్డారు. ఒక యువకవి తన కొత్త కవితను కింది పాదం నుంచి పైకి చదివి వినిపించాడు. ముందుకంటే బాగుందని నలుగురన్నారు.

ఆ ఊపులో సాహితీ సంఘంవారు లైబ్రేరియన్‌కు సన్మానం పెట్టారు. ఛైర్మన్ జిమ్ముకనుకున్న పైఅంతస్తు హాల్లోనే సభ. "చిత్రకథా విమర్శ చక్రవర్తి" అని బిరుదు. ముఖ్య అతిథి, ఆ మాంగాలన్నిటినీ అనువదించిన అనువాదకురాలు. లైబ్రేరియన్ 'ఎర్ర కత్తి బాటసారి'లోంచి కొన్ని పేజీలు తెర మీద చూపిస్తూ చదవాలి, ఆమె వ్యాఖ్యానించాలి. ఆహ్వానపత్రిక చూడగానే కూతురి గుండె ఆగినంత పనైంది.

సభ రోజు హాలు కిక్కిరిసింది. ఒక పక్క కుర్రకారు, ఒక పక్క పెద్దలు. మూడో వరసలో తల్లీ కూతుళ్లు కూర్చున్నారు. ప్రొఫెసర్ గంభీరంగా చాలాసేపు మాట్లాడాడు. పెద్దలు తలలూపారు, కుర్రాళ్లు పొట్టలు పట్టుకున్నారు. అనువాదకురాలు మాత్రం రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని వింటోంది. "సంచార వైద్యుడు" అన్న మాట వినపడినప్పుడల్లా ఆమె కనుబొమలు ఒక్కోసారి పైకి లేస్తున్నాయి.

లైబ్రేరియన్ మైకు ముందుకు వచ్చాడు. మూడో వరస వైపు ఒకసారి చూసి, పుస్తకం ఎప్పుడూ తెరిచే వైపు నుంచే తెరిచాడు. అనువాదకురాలు కుర్చీలో ముందుకు వంగింది. నోరు తెరవబోయింది.

కూతురు కుర్చీ తోసుకుని లేచింది. పరుగున వేదికెక్కి తండ్రి మోచెయ్యి పట్టుకుంది.

"నాన్నా!"

ఇన్నాళ్లూ దేనికోసం ఎదురుచూశాడో అది వినపడింది. హాలు, జనం, బిరుదు ఏవీ గుర్తులేవు ఆయనకు. "ఏమిటి తల్లీ? ఏమన్నావు?" అన్నాడు.

"నాన్నా, పుస్తకం అటు తిప్పు."

"ఎటు?"

"అటు నుంచి. ఇవి కుడి వైపు నుంచి చదవాలి. నువ్వు అన్నీ చివరి నుంచి చదివావు."

గుసగుసగానే చెప్పింది. మైకుకు ఆ తేడా తెలియదు. హాలంతా విన్నది.

లైబ్రేరియన్ పుస్తకం తిప్పాడు. అటు వైపు అట్ట తెరిచాడు. పేజీ మీద ఒకటి అంకె ఉంది. వాకిట్లో ఒక తండ్రి కొడుకు చేతికి చెక్క కత్తి ఇచ్చి పట్టుకోవడం నేర్పుతున్నాడు. పేజీ తిప్పాడు. ఇంకోటి తిప్పాడు.

"అంటే వీడు డాక్టరు కాదా?"

"కాదు నాన్నా."

"వాళ్లందరినీ..."

"వీడే చంపాడు."

"మరి తండ్రి? తండ్రి లేచి కూర్చుంటాడుగా?"

"లేదు నాన్నా. మొదటి అధ్యాయంలోనే పోతాడు."

"అయ్యో," అన్నాడు లైబ్రేరియన్. నిజంగానే బాధపడ్డాడు. ఆ తండ్రి బతికినందుకు ఆయన ఇన్నాళ్లూ ఎంత సంతోషించాడో ఆయనకే తెలుసు. పక్కనున్న కుర్చీలో కూలబడ్డాడు.

 కుర్రకారు వైపు నుంచి చప్పట్లు, ఈలలు మొదలయ్యాయి. ఇంత బాగా రిహార్సల్ చేసిన తండ్రీ కూతుళ్లను వాళ్లెక్కడా చూడలేదు. పెద్దల వైపు తలలన్నీ ప్రొఫెసర్ వైపు తిరిగాయి. అరపేజీ వ్యాసం రాసిన మనిషి అంత తొందరగా ఓడిపోడు. మైకు లాక్కున్నాడు.

"చూశారా! విమర్శకుడు తన పద్ధతిని మన కళ్లముందే ప్రదర్శించి చూపించారు! ఈ అమ్మాయి సంప్రదాయ పఠనానికి ప్రతీక!"

పెద్దలూ చప్పట్లు కొట్టారు. లైబ్రేరియన్ లేచి చేతులు జోడించాడు. "అయ్యా, అదేం కాదండీ. నేను తప్పు చదివాను. నాకు తెలియక చదివాను."

"ఎంత వినయం!" అన్నాడు ప్రొఫెసర్. చప్పట్లు రెట్టింపయ్యాయి.

ఇక మిగిలింది అనువాదకురాలు. అందరూ ఆమె వైపు చూశారు. ఆమె నిదానంగా లేచింది. "ఏళ్ల తరబడి అనువాదాలు చేస్తున్నాను. నా పుస్తకాల మీద చాలామంది విమర్శకులు రాశారు. పుస్తకం మొత్తం చదివిన విమర్శకుణ్ణి చూడటం ఇదే మొదటిసారి. ఎటు నుంచి చదివారన్నది నేను పట్టించుకోను," అని కూర్చుంది. వేదిక మీది పెద్దమనుషులంతా తమ చెప్పుల వైపు చూసుకున్నారు.

బిరుదు ఇచ్చేశారు. జనం వెళ్లిపోయాక తండ్రీ కూతుళ్లు ఖాళీ హాల్లో కుర్చీలు మడిచిపెడుతూ మిగిలారు.

"నీకు ఎప్పుడు తెలిసింది తల్లీ?"

"మొదటి కార్డుకే."

"మరి చెప్పలేదేం?"

"మనం మాట్లాడుకోవట్లేదు కదా."

ఆయన ఇంకో కుర్చీ మడిచాడు. "షెల్ఫు దగ్గర రోజూ ఏడ్చేదానివి. నేను చూశాను."

"నవ్వాను నాన్నా."

"రోజూనా?"

"రోజూ. బయటికి రాకుండా ఆపుకోలేక చచ్చాను."

 ఏడవలేదన్న నిరాశ, నవ్వించానన్న ఆనందం రెండూ ఆయనకు ఒకేసారి వచ్చాయి. ఆనందమే ఎక్కువని తేల్చుకున్నాక, నోటికి అలవాటు లేని మాట బయటికొచ్చింది. "నీ పెట్టెలు ఇచ్చేయడం తప్పే తల్లీ. కనీసం తెరిచి చూడాల్సింది. నన్ను క్షమించు."

"తెరిచుంటే ఎర్ర అక్షరాలు అప్పుడే కనపడేవి," అంది కూతురు, ముక్కు ఎగబీలుస్తూ. ఈసారి భుజాలు కదిలింది ఏడుపుకే. ఈసారి మాత్రం ఆయన దగ్గరికి వెళ్లి చూసి మరీ నిర్ధారించుకున్నాడు.

ఆ వారమంతా ఆయన ఒకటి రెండు తప్ప మిగతా పుస్తకాలు సరైన వైపు నుంచి చదివి కొత్త కార్డులు రాశాడు. అన్నీ సరిగ్గా ఉన్నాయి. పిల్లి కార్డు ఒక్కటి మార్చనవసరం లేకపోయింది. కొత్తవి వేలాడదీసిన మర్నాడే ఛైర్మన్ వచ్చి వాటిని చదివి మొహం చిట్లించాడు. "'తండ్రిని చంపినవాళ్ల మీద కొడుకు పగ తీర్చుకుంటాడు.' ఇదేంటండీ? ఇలాంటివి ఎవరైనా రాస్తారు. పాతవి పెట్టండి, జనం పోతారు." పాత కార్డులు మళ్లీ వేలాడాయి. జిమ్ము మాట మళ్లీ వినపడలేదు.

భార్యను ప్రసన్నం చేసుకోవడానికి 'రైలుపెట్టెలో పరిచయం' కొత్త కార్డును మాత్రం ఇంటికి తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాడు. "ముక్కూ మొహం తెలియని ఇద్దరు రైల్లో కలిసి, క్రమంగా దగ్గరై, ఒకరినొకరు పూర్తిగా అర్థం చేసుకుని పెళ్లాడతారు," అని ఉంది అందులో. ఆవిడ రెండుసార్లు చదివి తిరిగిచ్చేసింది. "ఇది కట్టుకథ. పాతదే నిజం," అంది. ఆ తర్వాత వంటగదిలోకి వెళ్లి టీ పెట్టి తెచ్చింది.

ఇప్పుడు భోజనాల బల్ల దగ్గర ఉప్పు ఎవరూ అడగాల్సిన పని లేదు, అటూ ఇటూ అదే తిరుగుతోంది. కూతురు అన్నం కలపడం మొదలుపెట్టినప్పటి నుంచి చెయ్యి కడుక్కునే దాకా మాట్లాడుతూనే ఉంటుంది. "ఏమండీ, దాన్ని కాస్త ఊపిరి తీసుకోమని చెప్పండి," అంటుంది తల్లి. "నువ్వే చెప్పు," అంటాడు ఆయన, చెప్పనివ్వకుండా. నిన్న పిల్ల 'వాన గదిలో హత్య' గురించి మొదలుపెట్టబోతే మాత్రం ఆయన కంగారుగా రెండు చెవులూ మూసుకుని, "ఆగు తల్లీ, అది ఇంకా ఇటు నుంచి చదవలేదు. మొదలు చెప్పేయకు!" అని అరిచాడు.

ముగింపులు ఆయనకు ఎలాగూ తెలుసు.